బాతుల దిబ్బ

“అయిపోయింది!” అంటూ గడబిడ పెన్నుకు మూత పెట్టింది.

ఆమె అసలు పేరు స్కూలు రిజిస్టరులోనే ఉంటుంది. ఇంట్లో అందరికీ గడబిడే. ఏ పనైనా అరగంటలో ముగించి ఆటకు పరుగెత్తే పిల్లకు ఇంకేం పేరు పెడతారు?

రేపు టీచరుకు ఇవ్వాల్సిన ప్రాజెక్టు పేరు ‘మన పెద్ద పార్కు ఎలా పుట్టింది?’ గడబిడ పార్కు గేటు దగ్గరున్న బోర్డును మక్కికి మక్కి దించేసింది. బట్టలు మడతపెడుతున్న అమ్మమ్మకు గొప్పగా చదివి వినిపించింది.

“యాభై ఏళ్ళ కిందట ఇక్కడ ఏమీ లేదు. ముందు చెరువు తవ్వారు. తర్వాత బొమ్మరైలు, పక్షుల ఇల్లు, పడవలు వచ్చాయి. చెరువు మధ్యలో అందమైన బాతుల దిబ్బ ఉంది.”

అమ్మమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఏమీ లేదా? మరి నేనెక్కడ పుట్టానే?”

గడబిడ పుస్తకంలోంచి తలెత్తింది.

“అక్కడ దర్జీల వీధి ఉండేది. పద్దెనిమిది ఇళ్ళు. మా నాన్న కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టేవాడు. పార్కు కోసం మాచేత ఖాళీ చేయించి, వేరేచోట ఇళ్ళిచ్చారు. పాతవి కూల్చేసి ఆ ఇటుకలూ మట్టీ చెరువు మధ్యలో పోగేశారు. అదే నీ బాతుల దిబ్బ.”

“మరి పార్కుకు వెళ్ళినా నువ్వెప్పుడూ పడవ ఎక్కవేం, అమ్మమ్మా?”

“వెళ్ళాలనే ఉంటుంది. కాళ్ళు రావు. గట్టుమీద కూర్చుని చూసి వచ్చేస్తాను. ఆ ఇంటిమీద బెంగ ఇంకా పోలేదు తల్లీ.”

ఆ సాయంత్రం గడబిడ ఆటకు వెళ్ళలేదు. ‘ఏమీ లేదు’ అన్న మాటను కొట్టేసి, అమ్మమ్మ పక్కన చతికిలబడింది.

“మొదటి ఇల్లు ఎవరిది?”

అమ్మమ్మ ఒక్కో ఇల్లూ చెబుతూ పోయింది. మధ్యలో ఎవరో గుర్తొచ్చి పకపకా నవ్వింది. ఇంకెవరో గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. అన్నం వేళయినా గడబిడ పెన్ను ఆగలేదు.

ఆదివారం ఇద్దరూ పడవెక్కారు. అమ్మమ్మ గడబిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“దిబ్బ మీద దిగనివ్వం పాపా. బాతులు గుడ్లు పెట్టే చోటు,” అన్నాడు పడవాయన.

“మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు అక్కడే ఉండేదండీ.”

పడవాయన అమ్మమ్మ వైపు చూశాడు. “సరే, అయిదు నిమిషాలే. గూళ్ళ జోలికి పోవద్దు.”

పడవ దిబ్బకు ఆనింది. దూకబోయిన గడబిడ ఆగింది. వంగి చెప్పులు విప్పి, పడవలో పెట్టింది.

“అదేంటే? రాళ్ళు గుచ్చుకుంటాయి,” అంది అమ్మమ్మ.

“ఇంట్లోకి చెప్పులతో వస్తే నువ్వు తిడతావుగా!”

అమ్మమ్మ గడబిడ పాదాల వైపు చూసింది. తన చెప్పులూ విప్పి ముందు తనే దిగింది. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

“రా తల్లీ, లోపలికి రా.”