యంత్రానికి వేసిన పరుపు

భోజనాల బల్ల మీద, కాఫీ కప్పుకు జానెడు దూరంలో, కూతురి ల్యాప్‌టాప్ సంచి పడి ఉంది. దాని నుంచి వస్తున్న వాసనకు దొరగారు కప్పును దూరంగా జరిపారు. 'దొర' అన్నది, తన కంచం మరొకరు తాకితే అన్నం మానేసే పసితనంలో ఆయనకు అక్కగారు పెట్టిన పేరు. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆయనను వదలలేదు.

అమ్మాయికి ఆఫీసువారు ఇచ్చిన ల్యాప్‌టాప్ పలకంత పలుచన, పలకకంటే తేలిక. అంత సుకుమారమైన వస్తువుకు తగిన సంచి కోసం ఆయన దుకాణాలన్నీ గాలించి, లోపల వేలెడు మందం స్పాంజి, అడుగున జారని రబ్బరు ఉన్నది ఏరి కొన్నారు. వారం రోజులుగా ఆ సంచి ఇంటికి రాలేదు. అమ్మాయి ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టుకొని తిరిగింది. నిన్న తిరిగివచ్చిన సంచి అవతారం ఇది.

"ఏమిటే ఈ కంపు? లోపల చచ్చిన ఎలుక ఏమైనా ఉందా?"

భార్య రెండు వేళ్ళతో సంచిని ఎత్తి, వెంటనే మొహం తిప్పుకుంది. "ఛీ ఛీ! పసుపుపచ్చ మరకండీ. చీములా ఉంది."

అమ్మాయి తల దువ్వుకుంటూ వచ్చింది. "నిన్న అలసిపోయి అక్కడే పడేశాను. తీసేస్తాను నాన్నా."

"తీసెయ్యడం కాదు, తగలబెట్టు! అన్నం తినే చోట ఇదేం దరిద్రం?"

"ఇక్కడ పెట్టడం తప్పే. అది సరే, అత్తయ్యను ఇవాళ తీసుకొస్తున్నామా లేదా? వాళ్ళు సాయంత్రానికి మంచం ఖాళీ చెయ్యమన్నారు."

ఇంట్లో మూడు రోజులుగా రగులుతున్న గొడవ అదే. కాళ్ళు పడిపోయిన అక్కగారు ఊరి చివరి సంరక్షణ గృహంలో ఉంటున్నారు. ఆ గృహం మూతపడుతోంది. ముందు గదిలో మంచం వేద్దామని అమ్మాయి అంటుంది. దొరగారు ససేమిరా అంటారు.

"ఇంకో చోటు చూడమన్నానుగా. ఆ వాసనలు, ఆ గుడ్డలు... నాకు పడదు. ముద్ద దిగదు."

"మీకు ముద్ద దిగదని ఆవిణ్ణి ఎక్కడ దించమంటారు?"

"పెద్దంతరం చిన్నంతరం లేదా నీకు? మాట మార్చకు. ఈ మరక ఎక్కడిది?"

"అత్తయ్య మడమది."

భార్య చేతిలోని సంచి నేల మీదికి జారింది.

"పరుపుకు ఒరుసుకుని మడమ పుండు పడింది నాన్నా," అంది అమ్మాయి, గొంతు తగ్గించి. "దిండు పెడితే జారిపోతోంది. దుప్పటి మడత పెడితే గట్టిగా ఉందని ఏడుస్తోంది. నా చేతిలో ఇదుంది. ల్యాప్‌టాప్ తీసేసి, దీన్ని పిక్క కింద పెట్టాను. జారలేదు. మడమ దేనికీ తగలకుండా నిలిచింది. ఆ మధ్యాహ్నం అత్తయ్య గుర్రు పెట్టి నిద్రపోయింది. సరైన మెత్త నిన్న వచ్చింది కాబట్టి దీన్ని తెచ్చుకున్నాను."

"నీకు... అసహ్యం వెయ్యలేదూ?"

"ఎందుకు వెయ్యలేదు? మొదటి రోజు బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. మూతి కడుక్కుని మళ్ళీ లోపలికెళ్ళాను. మీరు గుమ్మంలోంచే వెనక్కొచ్చారు. అంతే తేడా."

"ఏమే, నాన్నతో అలాగేనా మాట్లాడేది?" అంది తల్లి, కానీ ఆ మందలింపులో పస లేదు.

"రేకు ముక్కకు దెబ్బ తగులుతుందని ఇంత మెత్తటి పరుపు వెతికి కొన్నారమ్మా నాన్న. అత్తయ్య కాలి కింద ఏముందో ఒక్కసారి చూశారేమో అడుగు."

కిందటి నెల ఆ గుమ్మంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, మేనేజరుతో ఆంగ్లంలో నాలుగు మర్యాద మాటలాడి వచ్చిన పెద్దమనిషి దొరగారి కళ్ళకు కట్టాడు. ఇంతసేపూ ఎదుటి వస్తువును చూసి కలిగిన రోత అంతా ఇప్పుడు ఆ పెద్దమనిషి వైపు తిరిగింది. కాఫీ చల్లారిపోయింది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికండీ?"

"ముందు గదిలో నా పుస్తకాలు తీయించు," అని మాత్రం అన్నారు.

సంరక్షణ గృహంలో వాసన ఆయన ఊహించుకున్నదానికంటే ఘోరంగా ఉంది. గుమ్మం దగ్గర కాళ్ళు మొరాయించాయి. వెంట వచ్చిన అమ్మాయి అప్పటికే లోపలికి వెళ్ళి కట్టు విప్పుతూ, తలెత్తకుండానే, "పాదం కాస్త ఎత్తి పట్టుకోండి," అంది. ఆయన వెళ్ళి పట్టుకున్నారు. కాలు పుల్లలా తేలికగా ఉంది. చీము వేలికి అంటింది. గొంతుదాకా వచ్చినదాన్ని మింగి, పాదాన్ని వదలలేదు.

అక్కగారు కళ్ళు తెరవకుండానే అడిగారు: "ఎవరిదే ఈ వణికే చెయ్యి?"

"నేనే అక్కా."

"దొరా, నువ్వా!" పొడిబారిన పెదవులు నవ్వడానికి ప్రయత్నించాయి. "ఒరే, బయటినుంచి వచ్చావు. చేతులు కడుక్కున్నావా?"

"లేదక్కా."

"ఛీ!" అన్నారు ఆవిడ. "అసహ్యం లేదుట్రా నీకు?"

కన్నీళ్ళతో ఆయనకు ఏమీ కనిపించలేదు. పాదాన్ని రెండు చేతులా మరికాస్త పైకి ఎత్తి పట్టుకుని, "ఇంటికెళ్ళి కడుక్కుంటానక్కా," అన్నారు. "నువ్వూ వస్తున్నావుగా."