ఐదు నిమిషాలాగి కొట్టండి

కార్ల కరెంటు పనిలో మాకో పద్ధతుంది. నేను బానెట్ ఎత్తి తల లోపల పెడతాను, ఇంకొకరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతారు. "కొట్టు" అంటే సెల్ఫ్ కొట్టాలి, "ఆపు" అంటే ఆపాలి. ఎత్తిన బానెట్ అడ్డం కాబట్టి సీట్లో ఉన్నవాళ్ల మొహం నాకు కనపడదు. ఇరవై రెండేళ్లుగా ఇంతే, ఏనాడూ భయం వెయ్యలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం సీట్లో కూర్చున్నది మా ఆవిడ. కారు మా మామగారిది, ముప్పై ఏళ్ల నాటి బండి. ఆయన అపార్ట్‌మెంట్ సెల్లారులో ఓ చీకటి మూల దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఎనిమిది నెలల క్రితం ఆయన ఆ సీట్లోనే, తాళం మీద చెయ్యి పెట్టుకునే పోయారు. గుండెపోటు. ఆసుపత్రికి తనే వెళ్దామని కిందికి దిగితే బండి స్టార్ట్ కాలేదు.

"ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగుచేస్తారు, మా నాన్న బండి అనేసరికి మీకు ఒళ్లు బరువు," అని మా ఆవిడ ఎనిమిది నెలలూ నా ప్రాణం తీసింది. నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి తనకి తెలియదు. తెలిస్తే ఇక జన్మలో నా మొహం చూడదు.

బ్యాటరీకి ముందురోజే ఛార్జి పెట్టించాను. "కొట్టు," అన్నాను.

టక్‌మని ఒక్క చప్పుడు.

"లైట్లన్నీ ఆరిపోయాయండీ."

"టెర్మినల్‌కి తెల్లగా పేరుకుపోయింది. గీకితే పోయేదానికి బ్యాటరీలు మార్పించేస్తారు వెధవలు," అని విసుక్కుంటూ గీకాను.

ఈసారి లైట్లు నిలిచాయి. సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. ప్లగ్గు వైరు ఊడదీసి బాడీకి దగ్గరగా పట్టుకుని చూశాను, స్పార్కు లేదు. స్పార్కుకి కరెంటు పంపే కాయిల్ విప్పుదామని ముందు జాగ్రత్తగా బ్యాటరీ కేబుల్ పీకేశాను. తడి సిమెంటు వాసన, పాత పెట్రోలు వాసన. అప్పటిదాకా రొద పెడుతున్న నీళ్ల మోటారు ఎక్కడో ఆగిపోయింది.

సెల్ఫ్ తిరిగింది.

బ్యాటరీ కేబుల్ ఇంకా నా చేతిలోనే ఉంది...

"కొట్టమని చెప్పానా!" అని అరిచాను.

"అల్లుడూ..." అంది మా ఆవిడ. గొంతు తనదే. "లైట్లు మసకబారుతున్నాయి. ఇప్పుడేం చెయ్యను?"

పోయిన రోజు ఫోన్లో మామగారు అచ్చం ఇదే మాట అన్నారు. కాస్త ఆయాసంగా ఉందని కూడా అన్నారు. నేనేమో ఇంకో బండి కింద పడుకుని చిరాకులో ఉన్నాను. "కంగారుపడకండి, ఐదు నిమిషాలాగి కొట్టండి," అని పెట్టేశాను. తర్వాత మళ్లీ రెండుసార్లు మోగింది. ముసలాయన చాదస్తం అనుకుని ఎత్తలేదు. చివరికి అందరికంటే ముందు సెల్లారుకి వెళ్లిందీ నేనే. ఆయన ఫోన్లోంచి ఆ కాల్స్ చెరిపేశాను. ఛీ, నేనూ ఒక మనిషినేనా!

తలుపు దగ్గరికి పరిగెత్తాను. లాగితే రాలేదు. నాలుగు తలుపులూ రాలేదు. అద్దంలోంచి చూస్తే మా ఆవిడ మొహమంతా చెమట. ఎడమ చెయ్యి గుండె మీద... కుడి చెయ్యి తాళం మీద...

"తలుపు తియ్యవే! నేనే..."

"ఆయాసంగా ఉంది అల్లుడూ."

స్పానరుతో అద్దం మీద బాదాను. గీత కూడా పడలేదు. ఫోన్ తీస్తే అది ఎప్పుడు చచ్చిందో, వెలగలేదు. ఎవరినైనా పిలుద్దామని మెట్ల వైపు రెండడుగులు వేశానో లేదో వెనక తను మూలిగింది. వెనక్కి ఉరికాను. కేబుల్ తగిలించాను. కాయిల్ వైరు మార్చాను. నాకొచ్చిన పనంతా చేశాను. స్క్రూలు జారిపోతున్నాయి. బండి మాత్రం అందుకోలేదు.

"ఐదు నిమిషాలు ఆగనా?" అని గుసగుసగా అడిగింది.

"వద్దు... వద్దే తల్లీ..."

ఆగింది.

అద్దానికి రెండు చేతులూ ఆనించి ఏడుస్తూ నిలబడ్డాను. తన ఊపిరికి అద్దం మీద పట్టే ఆవిరి అంతకంతకూ చిన్నదవుతోంది... ఇంకా చిన్నదవుతోంది. ఐదు నిమిషాలూ అలా చూస్తూనే ఉన్నాను. ఏమీ చెయ్యలేకపోయాను.

టక్‌మని తలుపు లాక్ దానంతటదే పైకి లేచింది.

తనని బయటికి లాగాను. నాడి కొట్టుకుంటోంది. కళ్లు తెరిచి నన్ను చూసింది. ఆ చూపు మా ఆవిడదే. గట్టిగా పట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఏమండీ... ఆ రోజు నాన్న మీకు ఫోన్ చేశాడా?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

"చేశారు, ఒక్కసారి," అన్నాను. "ఏదో బండి సంగతి అడిగారంతే."

తను నా భుజం మీదుగా కారు వైపు చూసింది. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు అటే చెవి ఒగ్గింది.

"మూడుసార్లంటున్నాడు."