అడవిలో చెట్లు లేవు

గాలి కాలుష్యాన్ని లెక్కగట్టే ల్యాబ్‌లో సీనియర్ సైంటిస్టును ఎవరో లిఫ్టులో కాల్చి చంపారు. ప్రాణం పోయేముందు ఆయన సీక్రెట్ సర్వీస్‌కు ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పాడు.

"అడవిలో చెట్లు లేవు."

"కోడ్!" అన్నాడు చీఫ్, రికార్డింగ్ ఆపుతూ. "అడవి అంటే ఏదో ఎంబసీ అయ్యుండాలి. చెట్లంటే వాళ్ల ఏజెంట్లు. డీకోడింగ్ సెక్షన్ తల బద్దలు కొట్టుకుంటోంది. ఈలోగా నువ్వు వెళ్లి ఆయన సీట్లో కూర్చో."

ఎదురుగా ఉన్న ఏజెంటును సర్వీసులో అందరూ డేగ అంటారు. మూడు దేశాల జైళ్ల గోడలు దూకినవాడు.

"సార్, నాకు లెక్కలు రావు."

"కళ్లజోడు పెట్టుకో. చాలు. ఇంకోమాట, మీ అక్కగారిది ఆ కొండ దిగువ ఊరే కదా? ఫోన్లూ గీన్లూ చెయ్యకు. నువ్వు అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియకూడదు."

డేగ తలూపాడు. అక్కకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు ఉబ్బసం. ఇన్‌హేలర్ లేనిదే గుమ్మం దాటదు.

ల్యాబ్‌లో డైరెక్టర్ కొత్త సైంటిస్టును ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెప్పాడు. గాలిలోకి ఫ్యాక్టరీలే కాదు, చెట్లూ వాయువులు వదులుతాయి. ఎండ తగిలితే కొన్ని చెట్ల ఆకుల్లోంచి ఐసోప్రీన్ బయటికొస్తుంది. అవే ఆకులు గాలిలోని విషాన్ని పట్టుకుని కొంత మింగేస్తాయి కూడా. దాన్ని డిపోజిషన్ అంటారు. ఎక్కడ ఎంత ఆకు ఉందో చెప్పే లీఫ్ మ్యాప్‌ను కంప్యూటర్‌కు తినిపిస్తే, మిగతాదంతా మోడల్ అనే లెక్కల ప్రోగ్రాం చెబుతుంది.

"కొండ అవతల మూతపడ్డ ఫ్యాక్టరీలో గ్యాస్ ట్యాంకులున్నాయి," అన్నాడు డైరెక్టర్. "వాటిని గాలిలోకి వదిలి ఖాళీ చేస్తామని ఒక విదేశీ కన్సల్టెన్సీ ముందుకొచ్చింది. కొండమీది అడవి ఆ గ్యాస్‌ను మింగేస్తుంది, ఊరిదాకా రాదు అని మన మోడల్ తేల్చింది. శుక్రవారం పదకొండింటికి నేను సరేనంటే, వాల్వు దగ్గరున్న మన గార్డులే తిప్పుతారు."

డేగ శుక్రవారం దాకా ఉన్న మూడు రోజులూ పెన్ కెమెరాతో కనిపించిన స్క్రీనల్లా ఫొటో తీశాడు. ఒక్కటీ అర్థమై చావలేదు.

శుక్రవారం ఉదయం క్యాంటీన్లో అతని ఎదుట ఒక పట్టుచీర వచ్చి కూర్చుంది. నెమలి! అటు కన్సల్టెన్సీకీ ఇటు సర్వీసుకీ పనిచేసే డబుల్ ఏజెంట్. ఎప్పుడూ నవ్వే మనిషి ముఖంలో ఇవాళ నెత్తురు చుక్క లేదు.

"ఆ సైంటిస్టు మాటను ఇంకా డీకోడ్ చేస్తూనే ఉన్నారా? అది కోడ్ కాదు మహానుభావా! కొండమీద అడవిని మా కన్సల్టెన్సీవాళ్లు కంచె కట్టి నున్నగా కొట్టేశారు. పాత లీఫ్ మ్యాప్ మీద కొత్త తేదీ వేయించి ఇక్కడ ఇచ్చింది నేనే. ఏదో కాంట్రాక్టు కోసమనుకున్నాను. రాత్రి తెలిసింది, ఆయన్ని చంపిందీ వాళ్లే, ఇదంతా ఆ గ్యాస్ మనుషుల్ని ఏం చేస్తుందో చూడటానికట. మీ చేతులతోనే, మీ స్టాంపుతోనే."

డేగ గడియారం చూశాడు. అక్క ఈపాటికి బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఉంటుంది.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "తొందరపడకు. డీకోడింగ్ సెక్షన్ ఒక కొలిక్కి వచ్చేస్తోంది," అని ఆయన పెట్టేశాడు. డేగ పరుగున డైరెక్టర్ గదికి వెళ్లాడు.

"సార్, అక్కడ చెట్లు లేవు!"

"మ్యాప్‌లో ఉన్నాయిగా, బాబూ."

"ఎవరైనా వెళ్లి చూశారా?"

"మనది మోడలింగ్ ల్యాబ్. వెళ్లి చూస్తే మోడల్ ఎందుకు?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనడం ఇదే. డేగ పిస్టల్ తీశాడు. "మ్యాప్‌లో అడవి తీసేసి మళ్లీ లెక్క కట్టండి!"

డైరెక్టర్ బెదిరిపోయాడు గానీ అబద్ధం చెప్పలేదు. "కడతానయ్యా. కానీ రిజల్టు రేపొస్తుంది. నువ్వు నా తలమీద ఫిరంగి పెట్టినా ఈ కంప్యూటర్ దానికంటే తొందరగా నడవదు."

డేగ చేయి వాలిపోయింది. ఇన్నేళ్ల సర్వీసులో పిస్టల్ ఇంత దండగ వస్తువుగా ఎన్నడూ కనిపించలేదు. కొండ చూసి రావడానికి వేళ లేదు. ఏడుపొచ్చింది. ఏడవడానికీ వేళ లేదు.

అప్పుడు గదిమూల ఒక పెట్టె కనిపించింది. దానిమీద 'రిపేరు' అని స్టిక్కరుంది.

"అదేంటి?"

"కొండమీద ఐసోప్రీన్ కొలిచే యంత్రం. చెడిపోయింది. మోడల్ బోలెడంత రావాలంటుంటే, ఇది రెండు నెలలుగా సున్నా చూపిస్తోంది. అందుకే పట్టుకొచ్చేశాం."

"సార్... చెడిపోకపోతే?"

డైరెక్టర్ లేచి పెట్టె మూత తీశాడు.

కిటికీ బయట యూకలిప్టస్ కొమ్మ ఎండలో ఊగుతోంది. డేగ జేబులోంచి సాక్ష్యాలు దాచే ప్లాస్టిక్ కవరు తీసి కొమ్మకు తొడిగాడు. డైరెక్టర్ యంత్రం గొట్టాన్ని అందులోకి దూర్చి స్విచ్చి వేశాడు. సున్నా.

"యూకలిప్టస్ ఐసోప్రీన్ వదిలే చెట్టే. ఆకు ఊపిరి వదలాలి. ఆగాలి," అన్నాడు డైరెక్టర్.

ఆగారు. ఇంతలో మబ్బు అడ్డొచ్చింది. సున్నా. బల్లమీద ఫోన్ మోగింది. వాల్వు దగ్గర గార్డు. "పదకొండవుతోంది సార్. తిప్పమంటారా?" కన్సల్టెన్సీ పెద్దమనిషి గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. డేగ జన్మలో తొలిసారి ఒక ఆకును బతిమాలుకున్నాడు. 'అమ్మా, ఒక్క ఊపిరి. మా పిల్లకోసం.'

మబ్బు తొలగింది. కవరు లోపల ఆవిరి పట్టింది. సున్నా కాస్తా ఒకటైంది. నాలుగైంది. ఆపైన ఆగలేదు.

"యంత్రం బాగానే ఉంది," అన్నాడు డైరెక్టర్. "బుద్ధి చెడింది మనకే." ఫోన్లో అరిచాడు. "వద్దు! ఎవరూ వాల్వు ముట్టుకోవద్దు!"

పెద్దమనిషి మెల్లిగా వెనక్కి జరిగాడు. లిఫ్టు దగ్గర నెమలి అడ్డంగా నిలబడి, మళ్లీ నవ్వుతోంది. ఈసారి ఆమె చేతిలో బేడీలున్నాయి.

డేగ రూలు గాలికి వదిలేసి అక్కకు ఫోన్ కొట్టాడు.

"ఏరా, రెండేళ్లకు గుర్తొచ్చానా? బట్టలారేస్తున్నా, తర్వాత చెయ్యి," అంది అక్క. వెనక పిల్ల తుళ్లుతూ నవ్వుతోంది. డేగ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. చీఫ్.

"డేగా, సెక్షన్ సాధించింది! కోడ్ విడిపోయింది. రాసుకో."

"చెప్పండి సార్."

"అడవిలో... చెట్లు... లేవు."