పావురాలకు సెలవు

"సూర్యుడి మీద మచ్చలుంటే నాకెందుకండీ! పావురాల్ని వదలొచ్చా, వద్దా? అది చెప్పండి చాలు."

వాళ్ళిద్దరి పరిచయం ఫోన్లో ఇలా మొదలైంది. అతను రోజూ పొద్దున్నే సూర్యుడి ఫొటోలు చూసి, ఇవాళ సౌర తుఫాను భూమిని తాకుతుందో లేదో బులెటిన్ రాసే ఉద్యోగి. ఆమె పళ్ళ డాక్టరు. నోరు తెరిపించడం వృత్తి. వాళ్ళ నాన్నవి పందెం పావురాలు. తుఫాను తగిలిన రోజు భూమి అయస్కాంత శక్తి చెదిరి అవి దారి తప్పుతాయని ఆయన భయం.

అప్పట్నుంచి క్లినిక్‌కి వెళ్ళేముందు ఆమె రోజూ ఫోన్ చేసేది.

"వదలొచ్చా?"

"నిక్షేపంగా."

ఈ ఒక్క ముక్కకి అంతసేపు ఎందుకు పడుతోందో ఆఫీసులో అందరికీ తెలుసు, వాళ్ళిద్దరికీ తప్ప.

సీజన్లో చివరి పందెం రోజు మాత్రం "వద్దండీ, ఇవాళ వదలకండి" అన్నాడతను. నాన్నగారి పావురాలు బుట్టలోనే ఉండిపోయాయి. మిగతావాళ్ళవన్నీ చక్కగా ఇల్లు చేరాయి. పందెం కప్పు పక్కవీధివాళ్ళకి వెళ్ళింది.

మధ్యాహ్నం వానలో తడిసి ముద్దై, ఒకమ్మాయి ఆఫీసులోకి దూసుకొచ్చింది. అతను ఆమెని ఎప్పుడూ చూడలేదు. ఆమె నోరు విప్పగానే గొంతు గుర్తుపట్టాడు.

"ఇది మీరు రాసిందే కదా?" ఫోన్లో బులెటిన్ చూపించింది. "'స్వల్ప ప్రభావం, ఆందోళన అక్కర్లేదు' అని ఊరందరికీ చెప్పి, నాకొక్కదానికే వద్దన్నారేం? పక్కవీధివాళ్ళు మీకు చుట్టాలా?"

"అయ్యో, కాదండీ!"

"మరి?"

వెనక కొలీగ్స్ కీబోర్డులు ఆపి చెవులు రిక్కించారు.

"స్వల్పమన్నా ఎంతో కొంత రిస్క్ ఉంటుంది కదండీ. ఊరికైతే ధైర్యంగా రాసేశాను. మీకు చెప్పబోతే నోరు రాలేదు. ఒక్క పావురం తిరిగి రాకపోయినా రేపట్నుంచి మీరు ఫోన్ చెయ్యరేమోనని భయమేసింది. నా సంగతే చూసుకున్నాను. తప్పే."

ఆమె కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. నవ్వు కనబడకుండా కిటికీ వైపు తిరిగి వాన చూసింది.

"నాన్న కింద కార్లో ఉన్నారు. మీ మీద నిప్పులు చెరుగుతున్నారు."

"వచ్చి నేనే చెప్తాను."

గొడుగు కూడా మర్చిపోయి వెళ్ళాడు. ఆయన కారు అద్దం దించి అంతా విన్నారు.

"అంటే నా కప్పు పోయింది పావురాల కోసం కాదు, మా అమ్మాయి కోసం అన్నమాట."

"అవునండీ."

ఆయన అతన్ని ఎగాదిగా చూశారు. "పెళ్ళిచూపులకి పొడిబట్టలతో రావాలయ్యా. ఎక్కు, ఇంటికెళ్ళి కాఫీ తాగుదాం."

వెనకసీట్లో ఆమె బుట్ట ఒళ్ళో పెట్టుకుని, జరిగి చోటిచ్చింది. పావురాలు కువకువలాడుతున్నాయి. అతనికి ఎప్పుడూ లేనంత హాయిగా ఉంది.

"రేపట్నుంచి పావురాల గురించి బులెటిన్లో ఉన్నదే చెప్పు" అంది మెల్లగా. "నీ మనసులో ఉన్నది నాకు విడిగా చెప్పు."

"ఫోన్లోనా?"

"ఎందుకూ? పక్కనే ఉన్నాగా."