గునపం దిగిన చోటు

వంటింటి వెనక తలుపు చప్పుడుకి మేస్త్రి తల తిప్పాడు. కోడలు బయటికి వస్తోంది. ఒక చేతిలో కూరలు కడిగిన నీళ్ళ బకెట్టు, ఇంకో చేతిలో తొక్కల గిన్నె.

"మళ్ళీ మొదలుపెట్టావా?"

"మానితే కదా మావయ్యా, మళ్ళీ మొదలుపెట్టడానికి."

గడప దాటితే మోకాలెత్తు పల్లం. ఆమె ఒళ్ళు వంచి, కాలితో తడుముకుంటూ దిగింది. దిగేదాకా మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. ఏడాది కిందట అతని భార్య ఇదే బకెట్టుతో ఇక్కడే జారింది. తుంటి విరిగింది. మూడు నెలలకి మంచం ఖాళీ అయింది.

అప్పటినుంచీ ఆ పెరటి మూల అంటే అతనికి పగ. పొద్దున్నే ఇసుకా, ఇటుకలూ, సిమెంటు బస్తాలూ దింపించాడు. మూలంతా గచ్చు చేసేస్తే ఈ తొక్కలూ నీళ్ళూ మోసే పని ఉండదు.

"గచ్చు వద్దు మావయ్యా. అత్తయ్య ముప్పై ఏళ్ళు పెంచిన నేల అది."

"నేలను పెంచడమేంటి? అదేమన్నా కోడిపిల్లా? ఇల్లు కట్టగా మిగిలిన పెంకులూ, కంకరా, గడ్డకట్టిన సిమెంటూ అక్కడే పోయించాను. మొలిచినవి నాలుగు పిచ్చిమొక్కలు. రోజుకో బకెట్టు పోస్తే లోకం బాగుపడిపోతుందా?"

"లోకం ఊసు ఆవిడెప్పుడూ ఎత్తలేదు. 'ఇటు పారబోస్తే మురిక్కాలవకి, అటు పోస్తే మట్టికి. పది అడుగులు నడవలేనా' అనేది."

"ఆ నడకే దాన్ని చంపింది!"

అరుపుకి కొడుకు సగం గీసిన గడ్డంతో తొంగిచూశాడు. ఇద్దరి మొహాలూ చూసి, మిగతా సగం గీసుకోవడానికి లోపలికి పోయాడు.

కోడలు బకెట్టు కింద పెట్టింది.

"నడక కాదు మావయ్యా. ఇక్కడ రెండు మెట్లు కట్టమని అడిగింది. నేనొచ్చిన ఆరేళ్ళూ వింటూనే ఉన్నాను. మీరేమో 'ఆదివారం చూద్దాంలే' అనేవారు. ఊళ్ళో అందరిళ్ళకీ కట్టారు."

మేస్త్రి గునపం అందుకున్నాడు. గచ్చుకి ముందు నేల గట్టితనం చూడాలి. గునపం మోతను బట్టి కింద రాయో మన్నో చెప్పగల చెవి అతనిది. ఇక్కడ కంగుమనాలి. చేతులు అదురుతాయని పళ్ళు బిగించి, కసిగా పొడిచాడు.

మోగలేదు.

గునపం మూరెడు దిగిపోయింది. పట్టు తప్పి ముందుకి తూలాడు. లాగి ఇంకో చోట పొడిచాడు. అక్కడా చప్పుడు లేదు.

మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వాడు. నల్లటి మన్ను. పొడిపొడిగా, చల్లగా, తొలకరి వాసనతో. గుప్పిట్లో ఏడెనిమిది వానపాములు. ఇంకా లోపల సిమెంటు గడ్డ ఒకటి దొరికింది. తాను పోయించినదే. దారాల్లాంటి వేళ్ళు దాన్ని అన్ని వైపులా అల్లుకున్నాయి. నొక్కితే విరిగింది. పగులులోనూ వేళ్ళే.

నేల మీద కట్టేవాళ్ళను అతను జీవితమంతా చూశాడు. నేలనే చేసిన మనిషి తన ఇంట్లో ముప్పై ఏళ్ళు ఉంది.

"ఇంత లోతు..." బకెట్టు వైపు తిరిగాడు. "ఈ బకెట్టుతోనా?"

"రోజుకి ఒకటే మావయ్యా."

మేస్త్రి గుప్పిట మెల్లగా విప్పి, వానపాములను గుంటలో వదిలాడు. మన్ను కప్పాడు. ఎండ తగలకుండా తొక్కలు కూడా కప్పాడు.

"ఆ టేపు తీసుకురా అమ్మాయ్. గడప మీద నిలబడు. కాలు ఎంత కిందకి పెడితే హాయిగా ఉంటుందో చూపించు."

"ఇవాళ ఆదివారం కాదుగా," అంది కోడలు. నవ్వబోయి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రానికి రెండు మెట్లు లేచాయి. కాలు జారకుండా తడి సిమెంటు మీద చీపురుతో గరుకు గీతలు గీశాడు. మూడు రోజులు వాటిని తడపడానికి కూరలు కడిగిన నీళ్ళే వాడాడు.

నాలుగోరోజు పొద్దున బకెట్టు తనే పట్టుకుని దిగాడు. మెట్లు కొలిచినట్టు కుదిరాయి. ఏడాది ఆలస్యంగా.

నీళ్ళు పోసి, వంగి చెవి పెట్టి విన్నాడు. నేల చప్పుడు లేకుండా తాగేసింది.