ప్రభుత్వ గోంగూర

ఉప్పరదిన్నె కాలనీలో డెబ్భై ఇళ్లు. ప్రతి ఇంటి ముందూ ఒక ప్రభుత్వ గోంగూర మొక్క. వాటిని తయారుచేసిన మొక్కల శాస్త్రవేత్త డాక్టర్ షహనాజ్ చూసిపోవడానికి రావడం ఇది ఆరోసారి. ఈసారి కూడా డెబ్భై మొక్కలూ పచ్చగానే ఉన్నాయి.

విషయమేమిటంటే, కాలనీ వెనక మూతపడ్డ యురేనియం గని తాలూకు వ్యర్థాల చెరువు ఉంది. అది కారి బోరు నీళ్లలో కలుస్తోందేమోనని అనుమానం. రేడియేషన్ తగిలితే మొక్క కణాల్లో డిఎన్ఏ తెగుతుంది. మొక్క మనలాగా పరిగెత్తలేదు కనుక, నిలుచున్నచోటే కొన్ని జీన్లను మేల్కొల్పి తెగినచోటల్లా అతుకులు వేసుకుంటుంది. షహనాజ్ ఈ గోంగూరలో ఆ జీన్ల స్విచ్‌కి ఎర్రరంగు జీన్‌ని తగిలించింది. మరమ్మతు మొదలైతే కొత్త చిగురు ఎర్రగా వస్తుంది. మీటర్లు పెడితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, గోంగూరకైతే అడక్కుండానే నీళ్లు పోస్తారని ఆమె ఆలోచన. పోశారు కూడా.

చెరువుకట్ట వైపు చివరి ఇల్లు ఓబులమ్మది. రెండు నెలల కిందట ఆమె ఒకే ఒక్క మాట అడిగింది, కూతురు ప్రమీలను కాన్పుకు తెచ్చుకోవచ్చా అని. ప్రమీలకు అంతకుముందు రెండుసార్లు గర్భం పోయింది. షహనాజ్ గుమ్మం ముందున్న మొక్కను చూసి, అది పచ్చగా ఉన్నంతకాలం భయంలేదంది. ప్రమీల వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో నెల.

అందుకే ఈవేళ ఓబులమ్మ డాక్టరమ్మను తినకుండా కదలనివ్వలేదు. ప్రమీలతోపాటు కూర్చోబెట్టి సంగటి పెట్టి, పక్కన రోట్లో నూరిన గోంగూర ఊరిబిండి వేసింది. అది బీట్‌రూట్ రంగులో ఉంది.

షహనాజ్ చెయ్యి ఆగిపోయింది. ఇదెక్కడి గోంగూర అని అడిగింది.

"మీరిచ్చిందే మేడమ్. ఎర్రచిగుర్లు వస్తానే పొద్దున్నే గిల్లేస్తాం. చెట్టు పచ్చగా ఉండాలంటిరి గదా."

ఒక్క ఓబులమ్మే కాదట, కాలనీ అంతా అదే పని. గిల్లినకొద్దీ చిగురించడం గోంగూర గుణం, చిగురు కనిపిస్తే గిల్లడం మన గుణం. పైగా కడుపుతో ఉన్న పిల్ల పులుపు కోరుతుందని ఇరుగుపొరుగు కూడా తమ ఎర్రచిగుళ్లు ఈ ఇంటికే పంపుతున్నారు. మొక్కలకు పోసే బోరు నీళ్లే రెండు నెలలుగా ప్రమీల తాగుతోంది.

రేడియేషన్ ఎక్కువైనకొద్దీ ఈ మొక్క ఆకులో రంగుతోపాటు పులుపూ పెరుగుతుందని షహనాజ్‌కు తెలుసు. ఏ ఇంటి ఆకు ఎక్కువ పులుపని మెల్లగా అడిగింది.

ఓబులమ్మ ముఖం విప్పారింది. కూతురి పళ్లెంలో ఇంకాస్త ఊరిబిండి వేస్తూ చెప్పింది.

"అందరిదీ నాకి చూసినాం మేడమ్. మా చెట్టు ముందర ఎవరిదీ చాలదు."