తోటకి గుండు

దుర్గతో నా మొదటి మాటే తగువు. నర్సీపట్నంలో వాళ్ళ నాన్న సోమసుందరంగారి పురుగుమందుల షాపుకి వెళ్ళి, ద్రాక్షతోట మీద కప్పడానికి పిట్టలు చిక్కుకోని వల ఉందా అని అడిగాను. కౌంటర్లో కూర్చున్న దుర్గ, తోటకి ఏ మందు కొడుతున్నారంది. ఏదీ కొట్టనన్నాను.

"మరిక్కడికెందుకొచ్చారండీ, టీ తాగడానికా?" అంది.

ఎకరం ద్రాక్షపందిరి వేసి, మందు కొట్టకుండా, సాళ్ళ మధ్య గడ్డి పీకకుండా వదిలేసినందుకు నన్ను రావికమతంలో పిచ్చి సింహాద్రి అంటారు. ఆ పిచ్చేమిటో చూద్దామని ఒక ఆదివారం స్కూటీ మీద వచ్చింది. పాపం, పురుగుల్ని డబ్బాల మీద బొమ్మల్లోనే చూస్తూ పెరిగిన పిల్ల. గడ్డిలో పెరిగి, ద్రాక్షని పీల్చే పిండినల్లిని నమిలేస్తున్న అక్షింతల పురుగునీ, పందిట్లో పిగిలిపిట్ట గూడునీ చూసి నోరు తెరిచేసింది. ఆ తర్వాత ఆదివారాలన్నీ మా తోటలోనే. పురుగుల కోసమే వస్తున్నాననేది. నేనూ నమ్మినట్టు నటించేవాణ్ణి.

చివరికి నన్నే చేసుకుంటానని తనే ఇంట్లో చెప్పేసింది. సోమసుందరంగారు ముందు పొలం చూడాలన్నారు. గడ్డి చూస్తే మనల్ని బద్ధకస్తులనుకుంటారని మా అమ్మ అప్పలలక్ష్మి భయం. వాళ్ళొచ్చే రోజు, గడ్డి ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పి స్వీట్లు తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ కూలీల చేత గడ్డి గీయించి తోటకి నున్నగా గుండు కొట్టించేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఈలోగా వాళ్ళ కారు రానే వచ్చింది.

బోడినేల చూసి సోమసుందరంగారు పొంగిపోయారు. ఇంత శుభ్రమైన రైతుని ఎక్కడా చూడలేదని, సంబంధం ఖాయమని అప్పటికప్పుడే అనేశారు. దుర్గ మాత్రం నన్ను పక్కకి లాగింది.

"మా నాన్న మెప్పు కోసం గీయించేశారు కదా. రేపు ఇంకొకరి మెప్పు కోసం నన్నేం చేస్తారు? నాకీ పెళ్ళొద్దు."

అమ్మని పట్టివ్వలేక తల దించుకున్నాను. మజ్జిగ గ్లాసులతో వస్తున్న అమ్మ అదంతా వింది.

"ఆడినేటీ అనకమ్మా. ఆడొద్దన్నా ఇనకుండా నానే గీయించీసినాను. సివరి రెండు సాళ్ళల్లో జెర్రిపోతు లేసిందని కూలోళ్ళు పారిపోనారు. అక్కడ గడ్డి అలాగే ఉంది, ఎల్లి సూసుకో."

దుర్గ పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని అటు నడిచింది. మోకాలెత్తు గడ్డిలో చతికిలబడి, పురుగుల కోసం ఆకులు తిప్పి తిప్పి చూసింది. వెనకే వెళ్ళిన నేను, పాము ఇంకా అక్కడే ఉందేమోనన్నాను.

"ఉండనివ్వండి. మీకన్నా అదే నయం, కూలీల్ని ఆపింది."

ఇంకా కోపమేనా అని అడిగాను.

"కోపమే. ఇష్టం లేకపోతే కోపమెందుకొస్తుందండీ?"

నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. గట్టు మీంచి సోమసుందరంగారు, చూడ్డం అయిపోయింది కదా, బేగి రమ్మని కేకేశారు.

దుర్గ నా చెయ్యి పట్టుకుని గడ్డిలో కూర్చోబెట్టింది.

"మీ చూపులైపోయాయి నాన్నా, కారులో కూర్చోండి. నావి ఇప్పుడే మొదలయ్యాయి."